‘పెద్ద బండిదే తప్పు’: సైకిల్ ప్రమాదాల్లో ఈ మాట ఎంతవరకు నిలుస్తుంది?

క్లుప్తంగా: మోటారు బండి, సైకిల్ ఢీకొంటే తప్పంతా పెద్ద బండిదేనని చెప్పే సూత్రం మన చట్టంలో లేదు. శిక్షకు ఒక కొలత ఉంది, పరిహారానికి మరొకటి. సైకిలిస్టు వైపు కూడా తప్పుందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. ఆ కోత ఎంతన్నది ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లో నమోదైన ఆనవాళ్లను బట్టి తేలుతుంది. రోడ్డు నిర్మాణంలోని లోపం మాత్రం ఈ లెక్కల్లోకి అరుదుగా వస్తుంది.

విశాఖపట్నంలో, గాజువాక దగ్గరో మద్దిలపాలెం దగ్గరో, సైకిల్‌కు బండి తగిలితే అయిదు నిమిషాల్లో జనం గుమిగూడి తీర్పు చెప్పేస్తారు. సగం మంది పెద్ద బండిదే తప్పంటారు. మిగతా సగం సైకిల్ ఉన్నట్టుండి అడ్డొచ్చిందంటారు. పడినవాడు ఉక్కు కర్మాగారానికి డ్యూటీకి వెళ్తున్న కార్మికుడైతే ఒక రకం సానుభూతి, తెల్లవారుజామున భీమిలి వైపు గేర్ల సైకిల్ తొక్కుతున్న యువకుడైతే ఇంకో రకం విసుగు. చట్టం ముందు ఈ ఇద్దరికీ తేడా లేదు. చట్టం అడిగే ప్రశ్నలు కూడా జనం అడిగేవి కావు.

శిక్ష వేరు, పరిహారం వేరు

తప్పు ఎవరిదన్న ప్రశ్నకు క్రిమినల్ కోర్టు ఒక జవాబు, మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్ మరో జవాబు చెప్పొచ్చు. రెండూ సరైనవే కావచ్చు.

పోలీసులు పెట్టే కేసు భారతీయ న్యాయ సంహిత కింద నడుస్తుంది. ప్రజల దారిలో ప్రమాదకరంగా బండి నడిపితే 281వ సెక్షన్. దెబ్బలు తగిలితే 125. ప్రాణం పోతే 106(1), దీని కింద అయిదేళ్ల వరకు జైలు. ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయినవారికి పదేళ్ల వరకు శిక్ష వేసే 106(2) కాగితం మీద ఉంది. లారీ డ్రైవర్ల ఆందోళన తరువాత, 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. 281లో ఉన్న మాట ‘ఏ వాహనమైనా’ అని. అంటే అడ్డదిడ్డంగా తొక్కిన సైకిలిస్టు మీద కూడా కేసు పెట్టొచ్చు. ఆచరణలో అలాంటివి అరుదు.

క్రిమినల్ కోర్టులో నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రైబ్యునల్‌లో ఏ వాదన నిజమయ్యే అవకాశం ఎక్కువన్నది చాలు. అందుకే డ్రైవర్ నిర్దోషిగా బయటపడిన కేసులోనూ సైకిలిస్టు కుటుంబానికి పరిహారం రావొచ్చు. చాలా కుటుంబాలు ఇక్కడే పొరబడతాయి. క్రిమినల్ కేసు కొట్టేశారు కదా, ఇంకేం వస్తుందని ట్రైబ్యునల్ గడప తొక్కడమే మానేస్తాయి.

సైకిల్‌కు ఈ వ్యవస్థలో ఉన్న స్థానం విచిత్రమైనది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అది మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదు. హెల్మెట్ తప్పనిసరి చేసే 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది. ఒకప్పుడు పురపాలక సంఘాలు సైకిళ్లకు బిళ్లలు ఇచ్చేవి, రాత్రిపూట దీపం లేకుండా వెళ్తే పోలీసులు ఆపేవారు. ఆ బిళ్లలతో పాటే సైకిల్‌ను ఒక వాహనంగా లెక్కపెట్టే అలవాటు కూడా పోయింది. దీని పర్యవసానం రెండు వైపులా ఉంది. సైకిలిస్టు బాధితుడైతే ట్రైబ్యునల్ తలుపు తెరిచే ఉంటుంది, ఎందుకంటే ఎదుటిది మోటారు బండి. అదే సైకిల్ పాదచారిని గుద్దితే ట్రైబ్యునల్ లేదు, బీమా లేదు, మామూలు సివిల్ దావాయే గతి. సైకిల్ తగిలి కారు తలుపు సొట్టపడితే కారు యజమాని తన సొంత బీమాలోంచి బాగు చేయించుకోవడమో, సైకిలిస్టు మీద దావా వేయడమో తప్ప మరో మార్గం లేదు.

బ్యాటరీ బండ్ల విషయంలో గందరగోళం ఎక్కువ. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, బరువు వంటి మిగతా షరతులకు లోబడితే అది చట్టం దృష్టిలో సైకిల్ లాంటిదే. నంబరు ప్లేటు లేకుండా సరుకులు చేరవేసే చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్లలో కొన్ని ఈ కోవలోవి. అలాంటిది సైకిల్‌ను పడేస్తే పరిహారం కట్టడానికి వెనుక బీమా కంపెనీ ఉండదు. ఆ స్కూటర్ వేగ పరిమితిని తీసేయించి 40లో నడుపుతుంటే అది మళ్లీ మోటారు వాహనమే అవుతుంది. అప్పుడు బీమా లేని మోటారు వాహనం అవుతుంది, భారమంతా యజమాని నెత్తిన పడుతుంది.

ఢీ ఎలా జరుగుతుంది?

వాటాలు తేలేది ఢీకొన్న తీరును బట్టి. విశాఖ రోడ్ల మీద కొన్ని తీరులు పదే పదే కనిపిస్తాయి.

మొదటిది వెనుక నుంచి తగలడం. కూర్మన్నపాలెం నుంచి గాజువాక మీదుగా ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద షిఫ్టు దిగిన కార్మికులు చీకట్లో సైకిళ్ల మీద ఇళ్లకు పోతుంటారు. డిప్‌లో ఉన్న హెడ్‌లైట్ వెలుగులో ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి సుమారు 30 మీటర్ల లోపుకు వస్తే గానీ సరిగా ఆనడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు డ్రైవర్ చూసి, బ్రేక్ మీద కాలు పెట్టేసరికి ఒకటిన్నర సెకను పోతుంది. అంతలోనే కారు 25 మీటర్లు ముందుకు వస్తుంది. ఆ తరువాత పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45. అంటే కళ్లు తెరిచి, ఫోను ముట్టుకోకుండా నడిపినా సైకిల్ తగులుతుంది. ఇక్కడ డ్రైవర్ తరఫు వాదన ‘కనిపించలేదు’ అని. దానికి ట్రైబ్యునల్‌లో వచ్చే ఎదురు ప్రశ్న: కనిపించేంత దూరంలో ఆపలేని వేగంతో ఎందుకు నడిపావు? వెనుక నుంచి గుద్దిన కేసుల్లో తూకం మోటారు బండి వైపే మొగ్గడానికి కారణం ఇదే. అయితే సైకిల్‌కు వెనుక రిఫ్లెక్టర్ లేదని తేలితే కొంత కోత తప్పదు. కొన్ని పదుల రూపాయల ఆ ఎర్ర బిళ్ల అదే హెడ్‌లైట్‌కు వంద మీటర్ల దూరం నుంచే మెరుస్తుంది. మడ్‌గార్డు మీద బురద పట్టి, పగిలిపోయి ఉన్నది మాత్రం లేనట్టే.

ఆగి ఉన్న లారీని సైకిల్ వెనుక నుంచి గుద్దుకోవడం దీనికి తిరగేసిన రూపం. ఆటోనగర్, పోర్టు పరిసరాల్లో ఇది ఎక్కువ. ‘బండి కదలనే లేదు, మా తప్పేముంది’ అని లారీ వైపు అంటారు. ఆగి ఉన్న వాహనం కూడా ‘వాడకంలో’ ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పార్కింగ్ లైటు వెలిగించకుండా, కోన్లు, రిఫ్లెక్టర్ త్రికోణం లాంటివి పెట్టకుండా లేన్‌లో ఆపిన లారీకి బాధ్యత ఉంటుంది. సైకిలిస్టు వాటా ఎంతన్నది అక్కడి వీధి దీపాల మీద ఆధారపడుతుంది.

రెండోది ఎడమ మలుపు. సైకిలిస్టు ఎడమ అంచున పోతుంటాడు. బస్సో లారీయో అతన్ని దాటి వెంటనే ఎడమకు తిరుగుతుంది. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ముందు ఎడమ మూల అతనికి అసలే కనిపించని చోటు. పైగా పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం తప్పించుకుపోయిన సైకిల్ వెనుక చక్రం కింద పడేది అందుకే. జగదాంబ, ఆశీల్‌మెట్ట వంటి ఇరుకైన మలుపుల్లో ఒక మీటరు తేడా ప్రాణం తీయగలదు. దాటి, అడ్డంగా తిరిగితే తప్పు బండిదే. కానీ బండి అప్పటికే ఇండికేటర్ వేసి నెమ్మదించి తిరుగుతుంటే, సైకిలిస్టు ఎడమ సందులోంచి ముందుకు దూరాలని చూస్తే లెక్క మారుతుంది. తగిలిన చోటు బండి ముందు ఎడమ మూల అయితే మొదటి కథకు బలం. వెనుక చక్రం అయితే రెండు కథలకూ అవకాశం ఉంది, సీసీ కెమెరా లేకుండా తేలదు.

మూడోది సైకిలిస్టు కుడికి తిరగడం. ఎడమ అంచు నుంచి నేరుగా రోడ్డు మొత్తం కోస్తూ డివైడర్ సందు దగ్గరకు వచ్చేస్తారు. సైకిల్‌కు అద్దం ఉండదు. తల తిప్పి చూస్తే బ్యాలెన్సు తప్పుతుందన్న భయం. చెయ్యి చాపి సైగ చేసే అలవాటు పోయింది. సైకిలిస్టు వాటా అన్నింటికన్నా ఎక్కువ పడేది ఈ తరహా కేసుల్లోనే. సరైన పద్ధతి ఏమిటంటే మలుపుకు 30, 40 మీటర్ల ముందే వెనక్కి చూసి, కుడి చెయ్యి చాపి, ఒక్కో లేన్ చొప్పున జరగడం. రద్దీ ఎక్కువైతే ఎడమనే ఆగి, దిగి, నడిపించుకుంటూ దాటడం.

రాంగ్ రూట్ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో తప్పు అందరికీ కనిపిస్తుంది, కారణం కనిపించదు. 60 వేగంలో వచ్చే కారుకు, 15 వేగంలో అదే దిశలో పోయే సైకిల్‌కు మధ్య వేగం తేడా 45. 50 మీటర్ల దూరంలో కనిపిస్తే నాలుగు సెకన్లు దొరుకుతాయి. సైకిల్ ఎదురుగా వస్తే రెండు వేగాలూ కలిసి 75 అవుతాయి, దొరికేది రెండున్నర సెకన్ల లోపే. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది కాబట్టి రాంగ్ రూటే క్షేమమని నమ్మేవారికి ఈ లెక్క తెలియదు. పైగా పక్క వీధిలోంచి రోడ్డెక్కే ఆటో డ్రైవర్ కుడివైపే చూస్తాడు. ఎడమ నుంచి సైకిల్ వస్తుందని ఊహించడు. ఇన్ని తెలిసినా జనం ఆ దారే పడతారు, ఎందుకంటే డివైడర్‌లో యూటర్న్ సందు చాలా దూరంలో ఉంటుంది. ఎదురుగా కనిపిస్తున్న వీధికి చేరడానికి కారుకు రెండు నిమిషాల చుట్టు. ఎదురుగాలిలో, ఎండాడ ఎత్తు లాంటి చోట సైకిల్‌కు అది పదిహేను నిమిషాలు. తీర్పులో మాత్రం సైకిలిస్టు రాంగ్ రూట్‌లో వచ్చాడన్న ఒక్క వాక్యమే మిగులుతుంది.

షేర్ ఆటోల తీరు విశాఖకు బాగా తెలిసిందే. చెయ్యి ఎత్తిన చోటల్లా ఎడమ అంచున ఆటో ఆగుతుంది. వెనుక వస్తున్న సైకిల్ కుడికి జరుగుతుంది. అదే క్షణంలో వెనుక నుంచి వచ్చే బస్సు అద్దమో బాడీయో తగులుతుంది. బస్సు ఆగుతుంది, ఆటో వెళ్లిపోతుంది. ఇక్కడ సైకిలిస్టు తెలుసుకోవాల్సిన చట్ట సూక్ష్మం ఒకటుంది. బాధితుడి తప్పు కూడా కలిస్తే అది సహ నిర్లక్ష్యం, పరిహారం తగ్గుతుంది. బాధితుడి తప్పు లేకుండా రెండు బండ్ల తప్పు కలిస్తే అది వేరే సంగతి. అప్పుడు బాధితుడు ఆ రెంటిలో ఏ ఒక్కరి నుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. ఆటో నంబరు దొరకలేదని సగం పరిహారం వదులుకోనక్కర్లేదు. ఆగిన కారు తలుపు చూడకుండా తెరవడం వల్ల పడిపోయినా ఇదే న్యాయం.

బీచ్ రోడ్డు సమస్య వేరు. జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు, రుషికొండ దగ్గర ఎత్తుపల్లాలు, తారు మీద పేరుకున్న ఇసుక, ఉప్పుగాలి. దిగుడులో రేసు సైకిల్ సులువుగా 40 దాటుతుంది. అక్కడ సైకిల్ కూడా వేగమైన బండే. ఉప్పుగాలికి బ్రేక్ వైరు తొడుగు లోపలే తుప్పు పట్టి, పైకి బాగున్నట్టే కనిపిస్తూ, గట్టిగా లాగినప్పుడు తెగుతుంది. లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు తగలకుండా రెండు వేళ్ల సందు ఉండాలి. వైరు చివర పోగులు విడుతుంటే మార్చాలి. ఇది భద్రత కోసం మాత్రమే కాదు. ప్రమాదం తరువాత సైకిల్‌ను పరిశీలించినప్పుడు వెనుక బ్రేక్ అసలు పనిచేయడం లేదని తేలితే అవతలి వైపు బీమా వకీలుకు అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

వాటా ఎలా కడతారు?

1,200 కిలోల కారు 50 వేగంలో, మనిషితో కలిపి 85 కిలోల సైకిల్ 15 వేగంలో ఉంటే కారులో ఉన్న గతిశక్తి సైకిల్‌కన్నా 150 రెట్లు ఎక్కువ. గాయమంతా ఒకే వైపు పడేది అందుకే. ఇంత తేడా ఉన్నప్పుడు బాధ్యత కూడా బండి వైపే ఎక్కువ ఉండాలన్న వాదన సుప్రీంకోర్టు ముందుకు చాలాసార్లు వచ్చింది. నిర్లక్ష్యం రుజువు కావాల్సిందేనని 1977లో అన్నారు. ప్రమాదకరమైన వస్తువును వాడేవారికి తప్పుతో పనిలేని బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని 2001లో మోటారు ప్రమాదాలకూ అన్వయించారు. పార్లమెంటు మధ్యేమార్గం తీసుకుంది. 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షన్ కింద ఎవరి తప్పన్న చర్చ లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు. అంతకు మించి కావాలంటే 166 కింద తప్పు రుజువు చేయాలి. రాంగ్ రూట్ లాంటి కేసుల్లో ఈ ఎంపికే కీలకం. 164 కింద డబ్బు తీసుకుంటే 166 దావా ముగిసిపోతుంది.

166లో వాటా ఎంత బరువైనదో ఒక లెక్కతో చూడొచ్చు. నెలకు 15,000 సంపాదించే 38 ఏళ్ల స్వయం ఉపాధి మేస్త్రి మరణించాడనుకుందాం. ఆధారపడినవారు నలుగురు. భవిష్యత్ సంపాదన పెరుగుదల కింద 40 శాతం కలిపితే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 15. మొత్తం 28,35,000. అంత్యక్రియల ఖర్చు వంటివి, దరఖాస్తు తేదీ నుంచి వడ్డీ అదనం. సైకిలిస్టు తప్పు 25 శాతమని తేలిస్తే 7,08,750 పోతుంది. సగం అంటే 14,17,500. ‘లైటు లేదు’ అన్న రెండు మాటల ఖరీదు ఇంత.

కాబట్టి ఆ మాట అన్నంత మాత్రాన సరిపోదు. ఉల్లంఘన ఉండటం ఒకటి, ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదం జరగడం మరొకటి. మోటారు సైకిల్ మీద ముగ్గురు కూర్చోవడం నేరమే అయినా, అది ప్రమాదానికి కారణమైందని చూపకపోతే కోత వేయకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. సైకిల్ మీద డబుల్స్ వెళ్లేవారికీ అదే తర్కం వర్తించాలి. మిట్ట మధ్యాహ్నం జరిగిన ప్రమాదంలో రిఫ్లెక్టర్ లేదన్న వాదనకు విలువ లేదు. బండి ముందు చక్రం ఛాతీ మీదుగా పోయిన కేసులో హెల్మెట్ ప్రస్తావన అనవసరం. చిన్నపిల్లల విషయంలో కోర్టులు ఇంకా ఉదారంగా ఉంటాయి. పెద్దవాళ్ల నుంచి ఆశించే జాగ్రత్తను ఎనిమిదేళ్ల పిల్లవాడి నుంచి ఆశించవు.

2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల పట్ల డ్రైవర్ మరింత జాగ్రత్తగా ఉండాలంటాయి. కానీ సైకిల్‌ను దాటేటప్పుడు ఎంత ఎడం వదలాలో అంకె చెప్పవు. దాంతో ‘తగినంత’ అన్న మాట మీద వాదన నడుస్తుంది. బ్రిటన్‌లో, జర్మనీ పట్టణాల్లో ఆ అంకె 1.5 మీటర్లు.

మొదటి గంటలు, మొదటి రోజులు

వాటా తేల్చే వాస్తవాలు చాలా త్వరగా చెరిగిపోతాయి. 112కో 108కో ఫోన్ చేశాక, గాయపడినవారిని తరలిస్తుండగానే తోడున్నవారు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బండి నంబరు కనిపించేలా, రోడ్డంతా కనిపించేలా దూరం నుంచి ఒక ఫొటో తీయాలి. చక్రాల గుర్తులు, గాజు పెంకులు, చెప్పులు పడిన చోటు దగ్గర నుంచి తీయాలి. పెంకులు ఎక్కడ మొదలయ్యాయో అదే దాదాపు ఢీకొన్న చోటు. సైకిల్ ఎక్కడికి ఎగిరిపడిందన్నది వేగానికి ఆనవాలు. బండ్లను పక్కకు జరిపిన తరువాత తీసిన ఫొటోలకు విలువ తక్కువ.

కేజీహెచ్‌లో గానీ, విమ్స్‌లో గానీ, ప్రైవేటు ఆసుపత్రిలో గానీ చేర్చగానే ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టరు రాసే మెడికో లీగల్ నమోదు) రాస్తారు. అందులో ‘సైకిల్ మీద నుంచి పడ్డాడు’ అని రాస్తే, నెలల తరువాత బీమా కంపెనీ ఆ కాగితం పట్టుకుని అసలు మరో బండి తగలనే లేదంటుంది. ఏ బండి, ఎటు నుంచి తగిలిందో డాక్టరుకు స్పష్టంగా చెప్పి రాయించాలి. ఖర్చు గురించి వెనకాడనక్కర్లేదు. 2025 మేలో నోటిఫై అయిన కేంద్ర పథకం కింద మోటారు వాహన ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స అందుతుంది. సైకిలిస్టుకూ వర్తిస్తుంది.

సైకిల్‌ను బాగు చేయించకూడదు. వెనుక రిమ్ బెండ్ అయి, క్యారియర్ ముందుకు ముడుచుకుంటే వెనుక నుంచి తగిలినట్టు. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి పెడల్ రాసుకుపోతే పక్క నుంచి. ఫోర్కు వెనక్కి వంగితే ఎదురుగా. సైకిల్ గొట్టం మీద అంటుకున్న బండి రంగు అన్నింటికన్నా బలమైన సాక్ష్యం. పోలీసులు పంచనామాలో సైకిల్ స్థితిని రాసుకున్నారో లేదో చూసుకోవాలి. అవతలి బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) తనిఖీ చేస్తారు, సైకిల్‌ను ఆ శ్రద్ధతో చూసేవారు తక్కువ.

దుకాణాల సీసీ కెమెరాల రికార్డింగ్ కొద్ది వారాల్లో, కొన్నిచోట్ల కొద్ది రోజుల్లోనే చెరిగిపోయి కొత్తది పడుతుంది. ఆ ఫుటేజీ భద్రపరచాలని మొదటి రెండు మూడు రోజుల్లోనే స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగాలి. సైక్లింగ్ యాప్ వాడేవారికి వేగం, దారి రికార్డు ఉంటాయి. అవి రెండు వైపులా కోసే కత్తి అని గుర్తుంచుకోవాలి.

పోలీసుల పనికీ గడువులున్నాయి. మొదటి ప్రమాద నివేదిక 48 గంటల్లో, మధ్యంతర నివేదిక 50 రోజుల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే దావాగా స్వీకరించే వీలు చట్టంలో ఉంది. విడిగా దావా వేయడానికి 166(3) పెట్టిన గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. అయినా ఆరు నెలల్లోపే వేయడం మేలు. ప్రమాదం జరిగిన చోట గానీ, బాధితులు నివసించే చోట గానీ వేయొచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చి గాజువాకలో పనిచేసేవారి కుటుంబం విశాఖ చుట్టూ తిరగనక్కర్లేదు.

గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. దీనికి ట్రైబ్యునల్ కాదు, రెవెన్యూ అధికారుల ద్వారా కలెక్టరుకు వెళ్లే వేరే దరఖాస్తు. బండి దొరికీ దానికి బీమా లేకపోతే యజమానే కట్టుకోవాలి. డ్రైవర్‌కు లైసెన్సు లేని కేసుల్లో చాలాసార్లు బీమా కంపెనీ ముందు బాధితుడికి కట్టి, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలని ఆదేశిస్తారు.

రోడ్డు మీదే జరిగే రాజీ గురించి ఒక మాట. రెండు వేలో అయిదు వేలో చేతిలో పెట్టి, సైకిల్ బాగు చేయిస్తామని చెప్పి పంపేస్తారు. తల లోపలి రక్తస్రావం కొన్ని గంటల తరువాత, కొందరిలో రోజుల తరువాత బయటపడుతుంది. అప్పటికి బండి నంబరు ఉండదు, ఎంఎల్‌సీలో బండి ఊసుండదు, సాక్షి ఉండడు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన దావా కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది గానీ, ఆలస్యానికి కారణం చూపాల్సింది బాధితుడే.

ఇతర దేశాల్లో

నెదర్లాండ్స్‌లో మన జనం మాట దాదాపు చట్టమే. 14 ఏళ్ల లోపు సైకిలిస్టుకు మోటారు బండి వైపు నుంచి దాదాపు పూర్తి పరిహారం దక్కుతుంది. అంతకు పైబడినవారికి కనీసం సగం. తప్పించుకోవడం అసాధ్యమని డ్రైవర్ రుజువు చేసుకుంటేనే మినహాయింపు. ఫ్రాన్స్‌లో 1985 నాటి చట్టం ప్రకారం సైకిలిస్టు శరీర గాయాలకు అతని మామూలు తప్పు అడ్డు రాదు. క్షమించరాని తప్పు ఒక్కటే ప్రమాదానికి కారణమైతే తప్ప. 16 లోపు, 70 పైబడిన వారికి ఆ అడ్డు కూడా లేదు. మరో కొస అమెరికాలోని మేరీలాండ్, వర్జీనియా, అలబామా, నార్త్ కరోలినా. అక్కడ బాధితుడి తప్పు ఒక్క శాతమున్నా మొత్తం పరిహారం పోగలదు. మనది ఈ రెంటికీ నడుమ. వాటాను బట్టి కోత, దాని కింద ఒక కనీస మొత్తం.

నెదర్లాండ్స్‌ను చూపించి అలాంటి చట్టం తెస్తే ప్రమాదాలు తగ్గుతాయనే వాదన తరచూ వినిపిస్తుంది. ఆ వాదన బలహీనమైనది. అక్కడ ప్రమాదాలు తక్కువ కావడానికి మొదటి కారణం విడి సైకిల్ దారులు. బాధ్యతా చట్టం చేసేది ప్రమాదం జరిగాక కుటుంబం రోడ్డున పడకుండా చూడటం. అది చిన్న సంగతేమీ కాదు.

కేసులో కనిపించని మూడో పార్టీ

డివైడర్ సందు దూరంగా పెట్టినవారు, సైకిల్ దారి గీతలు గీసి వాటిని పార్కింగ్‌కు వదిలేసినవారు, టైరుకు సమాంతరంగా కమ్మీలున్న మురుగు జాలీ బిగించినవారు ట్రైబ్యునల్ ముందు ప్రతివాదులుగా ఉండరు. ట్రైబ్యునల్ వ్యవహారం బండి యజమాని, డ్రైవర్, బీమా కంపెనీతో. అందుకే ఆ జాలీలో చక్రం ఇరుక్కుని బస్సు ముందు పడిన సైకిలిస్టు కేసులో తప్పు అతనికీ బస్సుకూ మధ్యే పంచుతారు. జాలీ వాటా ఆ ఇద్దరిలో ఒకరి ఖాతాలో పడుతుంది, ఎక్కువగా సైకిలిస్టు ఖాతాలోనే.

ప్రమాద వివరాలు నమోదు చేసే ఐరాడ్ వ్యవస్థలో పోలీసులతో పాటు రవాణా, ఆరోగ్య శాఖలకు, రహదారి సంస్థలకు విడి భాగాలున్నాయి. రోడ్డు లోపాన్ని రాయడానికి చోటు ఉంది. స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదులోనే గుంత, జాలీ, వెలగని వీధి దీపం స్తంభం నంబరుతో సహా రాస్తే అది సమగ్ర నివేదికలోకి వెళ్లే అవకాశం పెరుగుతుంది, సైకిలిస్టు మీద పడే వాటాను తగ్గించడానికి పనికొస్తుంది. ప్రమాణాలు పాటించని రోడ్డు సంస్థను, కాంట్రాక్టరును శిక్షించడానికి 2019 సవరణలో 198ఏ సెక్షన్ కూడా చేర్చారు. దాని కింద గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. ఆ లక్ష కూడా మోటారు వాహన ప్రమాద నిధికి పోతుంది, జాలీలో ఇరుక్కున్నవాడికి కాదు.